కనెక్టయినా తెరుచుకోదు!

ఇంటి నుంచి వీపీఎన్ కలిపితే ‘కనెక్టెడ్’ అనే చూపిస్తుంది. ఆఫీసు ఫైళ్లు మాత్రం తెరుచుకోవు. నెలాఖరు లెక్కలు పంపాల్సిన రోజే ఇలా అయితే కంగారే మరి! పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు. చిక్కు ఇంటి రౌటర్‌లో ఉండొచ్చు. ప్రైవేటు నెట్‌వర్కుల కోసం 1990ల్లో కేటాయించిన ఐపీ నంబర్లనే ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ వాడుతుంటారు. రెండుచోట్లా 192.168.1 వరసే ఉంటే, కంప్యూటర్ ఆఫీసు సర్వర్‌ని ఇంట్లోనే వెతుకుతుంది... ఎలా దొరుకుతుంది? ఓసారి ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. ఫైళ్లు తెరుచుకుంటే అనుమానం రౌటర్ మీదే. దాని సెట్టింగ్స్‌లో లాన్ ఐపీని ఆఫీసు వరసతో కలవకుండా, 192.168.57.1 లాంటిదానికి మార్చి రీస్టార్ట్ చేయండి. హాట్‌స్పాట్‌తోనూ అంతేనా? సర్వర్ పేరుకి బదులు దాని ఐపీ నంబరు కొట్టి చూడండి. అలా తెరుచుకుంటే తేడా డీఎన్ఎస్‌లో ఉన్నట్టు. ఆ సంగతి ఆఫీసు ఐటీ విభాగానికి చెప్పండి.