ఇల్లూ వాకిలీ: చూడని చోటు సంగతి

ఇల్లు కట్టి చూడమన్నారు మన పెద్దలు. ఇక్కడ మనలో చాలామందికి కట్టే శ్రమ లేదు, కట్టినది కొనడమే. అందుకని కొనేముందు ఇన్‌స్పెక్టరును పిలుస్తాం. ఆయన వచ్చి వెళ్ళాక ఇక ఇల్లంతా చూసేసినట్టేనని నిశ్చింతగా ఉంటాం. అక్కడే కొంచెం ఆగాలి.

ఈ పని చేసేవారికి లైసెన్సు ఉండాలని ఇల్లినాయ్ 2001లో చట్టం చేసింది. అయినా ఆయనది కంటిచూపు పరీక్షే. గోడ పగలగొట్టడు, కార్పెట్టు లేపడు, అమ్మేవారి సామాను జరపడు. 1976లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్ వారి నియమాల్లో కొలతలు కూడా ఉన్నాయి. ఇంటి కింద క్రాల్ స్పేసులో 24 అంగుళాల ఎత్తు లేకపోయినా, దూరే కంత 16కి 24 అంగుళాలకన్న చిన్నదైనా ఆయన లోపలికి వెళ్ళనక్కరలేదు. అటక మీద దూలాలు ఇన్సులేషన్ కింద కప్పడిపోతే వాటి మీద నడవనక్కరలేదు. కాలు తప్పితే పడకగది సీలింగులోంచి దిగుతాడు మరి!

మన షామ్‌బర్గ్‌లో 1959 నుంచి కట్టిన వెదర్స్‌ఫీల్డ్ ఇళ్ళలో ఎన్నో కాంక్రీటు పలక మీద లేచినవే. వాటికి బేస్‌మెంటు ఉండదు. పలక కింద పోయే మురుగు గొట్టాన్ని ఏ కన్నూ చూడలేదు. దానికి వేరే మనిషి వచ్చి కెమెరా దింపవలసిందే. జనవరిలో కొంటే కప్పు మీద మంచు, అదీ కనబడదు.

అయితే చూడలేకపోయిన భాగమేదో, ఎందుకు చూడలేదో రిపోర్టులో రాయడం ఆయన బాధ్యత. మనం లోపాల పట్టిక చదివి మూసేస్తాం. ముందు చదవవలసింది ఆ చూడని వాటి పేజీ. బేస్‌మెంటు గోడకు పెట్టెలు పేర్చి ఉంటే, తేమ మచ్చ వాటి వెనకే ఉండవచ్చు.

మనకు అడ్డొచ్చేది మొహమాటం. పరాయివాళ్ళ ఇంట్లో పెట్టెలు తీయమని ఎలా అడగడం అనుకుంటాం. మన ఏజెంటు ద్వారా ముందురోజే కబురు పెడితే చాలు. అప్పటికీ కుదరకపోతే, కాంట్రాక్టు గడువు దాటకముందే ఇంకోసారి చూపించమనండి.

రేపు మనం అమ్మేటప్పుడూ అంతే. అటక తలుపున్న క్లాజెట్లో ఇండియా సూట్‌కేసులూ, ఫర్నేసు ముందు బియ్యం బస్తాలూ ఉంటే తీసి దారి ఇద్దాం. తెలిసిన లోపాలు చెప్పాలని 1994 నుంచి ఇక్కడ చట్టమే ఉంది. కొనేవారిదీ మనలాగే ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బే.