ఓడ దిగాక ఒక్క రోజు

నాలుగు వారాలపాటు ఎటు చూసినా నీళ్లే. నిద్ర వంతులవారీగా. పడవ ఎప్పుడూ ఓ పక్కకి ఒరిగే ఉంటుంది కాబట్టి టీ కప్పుని కూడా కింద పెట్టడానికి లేదు. అలాంటి ప్రయాణం చేసి రేవులో కాలు పెడితే... కాసేపు నేలే ఊగుతున్నట్టు ఉంటుందట!

మన నౌకాదళ అధికారిణులు ఆరుగురు 2018 మార్చి 2న అలాగే కేప్‌టౌన్‌లో దిగారు. 56 అడుగుల తెరచాప పడవ 'తారిణి'లో ప్రపంచాన్ని చుట్టివస్తున్న బృందం అది. అందులో విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య కూడా ఉన్నారు. రేవులో దిగగానే విశ్రాంతి అనుకుంటాం కానీ ముందు మరమ్మతులు, సరుకులు చూసుకోవాలి. ఏ పడవ సిబ్బందికైనా ఊరు చూడటానికి మిగిలేది ఒకటో రెండో రోజులే.

ఆ ఒక్క రోజు కేప్‌టౌన్‌లో దొరికితే పొద్దున్నే టేబుల్ మౌంటెన్ ఎక్కాలి. బల్లలా చదునుగా ఉండే ఆ కొండమీదికి 1929 నుంచీ కేబుల్ కారు ఉంది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు. ఊళ్లో చెడు గాలిని ఊడ్చేస్తుందని ఆ ఆగ్నేయపు గాలికి స్థానికులు పెట్టుకున్న పేరు 'కేప్ డాక్టర్'. దాని చేతిలో దెబ్బలు తినే నావికులు ఏమంటారో మరి!

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి సిగ్నల్ హిల్ మీద ఫిరంగి పేలుతుంది, ఆదివారాలూ ప్రభుత్వ సెలవు రోజులూ తప్ప. 1806 నుంచీ ఉన్న ఆనవాయితీ ఇది. రేవులోని ఓడలవాళ్లు దాన్ని చూసే గడియారాలు సరిచేసుకునేవారు. వినికాదు, చూసే! శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి పొగే గుర్తు. గడియారం నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర లెక్క ఒక నాటికల్ మైలు తప్పుతుంది.

అసలు ఆ ఊరు పుట్టిందే నావికుల కోసం. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1652లో అక్కడ ఓ కూరగాయల తోట వేసింది. నెలల తరబడి ఎండు సరుకే తిని, చిగుళ్లనుంచి నెత్తురు కారుతూ వచ్చే ఓడలవాళ్లకి ఆకుకూరలూ పళ్లూ అందించడానికి. విటమిన్-సి అనే మాట తెలియకపోయినా తాజా కూరలు తింటే కోలుకుంటారని తెలుసు. 'కంపెనీ గార్డెన్' ఇప్పుడు ఊరి నడిబొడ్డున పార్కు. ఆనాటిదని చెప్పే పియర్ చెట్టొకటి ఇప్పటికీ ఊతకర్రల సాయంతో నిలబడి ఉంది.

పక్కనే 'స్లేవ్ లాడ్జ్' ఉంది. మనవాళ్లు తప్పక చూడాల్సింది అదే. 1679లో కట్టిన ఆ భవనంలో కంపెనీ తన బానిసల్ని ఉంచేది. తోటలో చాకిరీ చేసింది వాళ్లే. ఆ ఊరికి తరలించిన బానిసల్లో బెంగాల్ నుంచీ, మచిలీపట్నం, పులికాట్ లాంటి డచ్చి స్థావరాలున్న కోరమాండల్ తీరం నుంచీ తెచ్చినవాళ్లూ ఉన్నారు. సొంత పేరు పోయి, యజమాని పెట్టిన పేరు పక్కన వచ్చిన ప్రాంతం మాత్రం మిగిలేది. వాళ్లు దాటిందీ సముద్రమే. కాకపోతే వాళ్లకి తిరుగు ప్రయాణం లేదు.

అన్నట్టు, తారిణి చేరేనాటికి కేప్‌టౌన్‌లో తీవ్రమైన కరవు. మనిషికి రోజుకి 50 లీటర్ల నీళ్లే అని 2018 ఫిబ్రవరి 1 నుంచి ఆంక్ష. స్నానం నీళ్లు బకెట్లో పట్టి టాయిలెట్‌లో పోసుకునేవాళ్లు. మంచినీళ్లు పొదుపుగా వాడటం పడవలో అలవాటైన మనుషులకి ఊరే ఓడలా అనిపించే రోజులవి! వానలు పడి 2020కల్లా జలాశయాలు నిండాయి.

మార్చి 14న తారిణి మళ్లీ తెరచాప ఎత్తింది. దారిలో చుక్కాని వ్యవస్థ దెబ్బతినడంతో అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. గోవా చేరింది మే 21న.