బాక్సు తిన్నాక చాయ్: జాతీయ పోషకాహార సంస్థకు బహిరంగ లేఖ

సంచాలకులు గారికి,
జాతీయ పోషకాహార సంస్థ, తార్నాక.



భోజనాల వేళ నాచారం పారిశ్రామికవాడ వైపు ఒకసారి రండి. బాక్సు తిని, చేతులు కడుక్కుని, ఆడవాళ్లు నేరుగా చాయ్ బండి దగ్గరికొస్తారు. ఓ చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. బీట్‌రూట్ రసం తాగితే వారంలో రక్తం పడుతుందని ఒక రీలు, పరగడుపున ఫలానా గింజలు తినమని మరొకటి. చెప్పేవాళ్ల గొంతులో తొణుకూ బెణుకూ ఉండదు. ఆ గ్లాసులోని చాయ్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఎత్తింది మీరే. 2024 మే నెలలో ఇచ్చిన 17 ఆహార మార్గదర్శకాల్లో, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దన్నారు. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఇనుము చాలకపోతే రక్తహీనతే. తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పైసా ఖర్చు లేని ఇంత మంచి సలహా వంద పేజీలు దాటిన పుస్తకంలో ఉండిపోయింది. పేపర్లలో వచ్చింది, నిజమే. పేపరు మర్నాటికి పాతబడుతుంది, రీలు ఏడాదైనా తిరుగుతూనే ఉంటుంది.

1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ చేరిన సంస్థ మీది. జొన్నలే ఆధారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా జబ్బు ఎందుకొస్తుందో మీ శాస్త్రవేత్త సి. గోపాలన్ గారి బృందం శోధించింది. జనం తిండి మీకు తెలిసినంతగా ఆ రీళ్లవాళ్లకు తెలియదు. ఉప్పల్ రోడ్డులో మీ పొరుగునే ఉన్న సెల్యులార్, మాలిక్యులర్ బయాలజీ కేంద్రం (సీసీఎంబీ) 2020లో మురుగునీటిలో కోవిడ్ వైరస్ జాడ వెతికితే ఊరంతా చెవులు రిక్కించి విన్నది. సంగతి తమదైతే జనం వింటారు.

అందుకే అడుగుతున్నా, ఆ మార్గదర్శకాలను అర నిమిషం తెలుగు వీడియోలుగా చేయించండి. తెల్లకోటూ పట్టికలూ వద్దు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, పైన పిండుకునే నిమ్మచెక్క చాలు. చదవలేనివాళ్లకు వాయిస్ మెసేజ్ పెట్టండి. ఆశా కార్యకర్తల ద్వారా, బస్తీ దవాఖానాల ద్వారా వాట్సాప్ గ్రూపుల్లోకి పంపండి. విడుదలకు ముందు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి ఓపీ వరుసలో నలుగురికి చూపించండి. అర్థం కాకపోతే మొహమాటం లేకుండా చెప్పేస్తారు.

ఇంకొక్కటి. కామెంట్లకు జవాబిచ్చే మనిషిని తప్పక పెట్టండి. షుగరుంది, బెల్లం తినొచ్చా అని అడుగుతారు. మీరు పలక్కపోతే, ప్రొటీన్ పొడి డబ్బా అమ్ముకునేవాడు పలుకుతాడు.

ఇట్లు,
నాచారం నివాసి