ఏ లిపిలో నిరక్షరాస్యులం?

వయోజన విద్యాకేంద్రంలో గాని, కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో గాని చేరడానికి వెళ్ళిన మనిషిని అక్కడివారు మొదట అడిగేవి రెండే ప్రశ్నలు. చదువు వచ్చునా? ఫోను, కంప్యూటర్ వాడకం తెలుసునా? ఈ రెండింటి ఎదుట పడే గుర్తులే ఆ మనిషి ఏ తరగతిలో కూర్చోవాలో, ఏ పాఠం వినాలో, చివరకు ఏ లెక్కలో చేరాలో నిర్ణయిస్తాయి. లమ్తపుట్‌లో, జయపురంలో, రాయగడలో, గుణుపురంలో కాపురముంటున్న తెలుగువారిని వీటికంటె ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. అమ్మా, తమరు ఏ భాషలో చదువుతారు? ఈ ప్రశ్న లేని మదింపు వలన మన కుటుంబాలకు జరిగే నష్టం చిన్నది కాదు.

తెలుగు వారపత్రికను మొదటి పుట నుండి చివరి పుట దాకా చదవగల ఒక గృహిణిని ఊహించండి. ఆమె విశాఖపట్నంలో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడుతుంది, కొట్టులో గళ్ళ గుర్తును ఫోనుకు చూపి డబ్బు చెల్లిస్తుంది. ఆమెను ఒడియా లేదా ఇంగ్లీషు అక్షరాలున్న తెర ముందు కూర్చోబెట్టి ఫలానా మీట నొక్కమంటే ఆగిపోతుంది. కాగితం మీద ఆమె పేరు ఎదుట 'నిరక్షరాస్యురాలు, డిజిటల్ పరిజ్ఞానం లేదు' అని పడుతుంది. ఆ రెండు మాటలూ అబద్ధమే. పరీక్షకుడు కొలిచింది ఆమె నైపుణ్యాన్ని కాదు, ఆమెకు ఒడియా లిపితో ఉన్న పరిచయాన్ని. దాని ఫలితంగా ఆమె ఓనమాల తరగతిలో నెలల తరబడి కూర్చోవాలి, లేదా విసిగి మానుకోవాలి. మూడవ దారి కూడా ఉన్నది, అది మరీ అవమానకరం: పక్కనున్న కుర్రవాడు ఆమె బదులు మీటలు నొక్కి ఆమె పేరిట ధ్రువపత్రం తెచ్చిపెడతాడు.

ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 2017లో మొదలై 2024 మార్చి 31న ముగిసింది. ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాలలో ఇంటికి ఒకరికి, 14 నుండి 60 సంవత్సరాల లోపు వారికి, ఇరవై గంటల శిక్షణ ఇవ్వడం దాని లక్ష్యం. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం చేరినవారు 7.35 కోట్లు, శిక్షణ పొందినవారు 6.39 కోట్లు, ధ్రువపత్రం అందుకున్నవారు 4.77 కోట్లు. అంటే శిక్షణ పొంది కూడా ధ్రువపత్రం దాకా రానివారు కోటిన్నరకు పైబడినవారు. వారిలో ఎందరు తమది కాని లిపి ముందు తడబడ్డారో ఈ సంఖ్యలు చెప్పవు. పాఠాలు 22 భాషలలో సిద్ధంగా ఉన్నాయని ఢిల్లీ చెప్పింది, అందులో తెలుగూ ఉన్నది. కాని ఏ భాష పాఠం ఇవ్వాలో చేరేనాడే అడిగి రాసుకోకపోతే, ఢిల్లీలోని తెలుగు పాఠం కొరాపుట్ జిల్లాలోని తెలుగు గృహిణి దాకా ఎట్లా నడిచి వస్తుంది? 'ఇంటికి ఒకరు' అన్న నియమం మరొక చిక్కు తెచ్చింది. ఒడియా బడిలో చదివిన కొడుకు పేరు ఎక్కితే తల్లికి తలుపు మూసుకున్నట్లే.

ఇప్పుడు 2022 నుండి 2027 వరకు ఉద్దేశించిన ఉల్లాస్ కార్యక్రమం నడుస్తున్నది. పదిహేనేళ్ళు నిండినవారికి అక్షరాలు, అంకెలతోపాటు డిజిటల్ అక్షరాస్యతను కూడా జీవన నైపుణ్యంగా నేర్పాలని అందులో ఉన్నది. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కొక్కటి 50 మార్కులకు, మొత్తం 150 మార్కుల పరీక్షను ప్రాంతీయ భాషలో జరపాలన్నారు. ఈ 'ప్రాంతీయ భాష' ఎవరిది? రాష్ట్రపు అధికార భాషేనని గుమాస్తా అర్థం చెప్పుకుంటే సరిహద్దు జిల్లాల మనవాళ్ళు తమ చదువును గుమ్మం బయట విడిచి లోపలికి రావలసి ఉంటుంది. 2011 జనగణనలో కొరాపుట్, రాయగడ జిల్లాల అక్షరాస్యత యాభై శాతానికి లోపే. ఇంత తక్కువ ఉన్నచోట, వచ్చిన చదువును కూడా రానిదిగా రాసుకోవడం ఏ రకపు పొదుపు?

చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో పిల్లలకు మాతృభాషలో బోధన వసతులు కల్పించమంటుంది. పెద్దల ఊసు అందులో లేదు. చాలామంది అధికారులు ఇక్కడే చేతులు దులుపుకుంటారు. కాని 29వ అధికరణం తన భాషను, లిపిని కాపాడుకునే హక్కును వయసుతో ముడిపెట్టలేదు. జనాభాలో 15 శాతం లేక అంతకుమించి అల్పసంఖ్యాక భాషవారున్న ప్రాంతాలలో ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలో ప్రచురించాలన్నది దశాబ్దాల క్రితమే అంగీకరించిన రక్షణ. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసు వికలాంగులకు, యాసిడ్ దాడి బాధితులకు సంబంధించినదే. అయినా డిజిటల్ అంతరం వలన వెలి అయిపోతున్నవారిలో భాషా అల్పసంఖ్యాకులు కూడా ఉన్నారని ధర్మాసనం గుర్తించింది. మనం పట్టుకోవలసిన పట్టు అది.

'ఒడిశాలో ఉంటూ ఒడియా నేర్చుకోరా' అని అడిగేవారున్నారు. నేర్చుకుంటాం, నేర్చుకున్నాం కూడా. మన పిల్లల్లో చాలామందికి ఒడియాయే చదువుల భాష. అయితే ఫోను వాడకం వచ్చునా అన్న ప్రశ్నకు, ఒడియా వచ్చునా అన్నది జవాబు కాజాలదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిందే ఇతర భాషల పాలనలో తమ భాష అణగిపోతున్నదన్న ఆవేదనలోంచి. ఆనాడు వారిని అణచినట్లు భావించిన భాషలలో తెలుగూ ఒకటి, ఆ మాట దాచనక్కరలేదు. ఆ బాధ ఎరిగిన రాష్ట్రం మన బాధను ఇతరులకంటె త్వరగా అర్థం చేసుకోవాలి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన కాలం కూడా ఈ గడ్డదే.

పరాయి దేశాలలో ఇది ఎట్లా చేస్తున్నారో చూడండి. ఓ.ఇ.సి.డి. 2011-12లో పెద్దల నైపుణ్యాలను కొలిచినప్పుడు, కంప్యూటర్ ఎన్నడూ వాడనివారికి, తొలి చిన్న పరీక్షలో తట్టుకోలేనివారికి కాగితం మీద పరీక్ష పెట్టారు. కంప్యూటర్ రానంత మాత్రాన చదువు రానివారిగా లెక్కించలేదు. ఎస్టోనియాలో రష్యన్‌కు అధికార హోదా లేదు. అయినా అక్కడ ఎస్టోనియన్‌తోపాటు రష్యన్‌లోనూ పరీక్ష జరిపారు.

మనం అడిగేది అంతకంటె తేలిక. చేరికనాడు మాట్లాడే భాష, చదివే లిపి విడివిడిగా రాసుకోవాలి. తరువాత ఎవరి ఫోను వారి చేతికే ఇచ్చి, వారి భాష తెరపై పెట్టి, పని చేయించి చూడాలి: ఒక పేరు, నెంబరు దాచగలరా, బ్యాంకు నుండి వచ్చిన సందేశంలో జమ ఏదో ఖర్చు ఏదో పోల్చగలరా, తెలియనివాడు ఓటీపీ అడిగితే ఏమి చేస్తారు. ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలియక పోగొట్టుకునేది మార్కులు కావు, బ్యాంకులోని సొమ్ము. అడిగేవారికి తెలుగు రాకపోతే తెలిసిన వాలంటీరును పక్కన పెట్టుకోవాలి. లమ్తపుట్‌లో ఈ న్యాయం మనకొక్కరికే కోరితే అది న్యాయం కాదు. ఒల్లారి గదబ మన ద్రావిడ కుటుంబపు భాషే, గుటోబ్ ముండా కుటుంబానిది. వారికి ఫోనులో అక్షరాల అండ మనకున్నంత కూడా లేదు. అక్కడ మదింపు నోటిమాటగా, వారి భాషలోనే జరగాలి.

మీ బ్లాకులో చేరిక పత్రం ఏ భాషలో ఉన్నదో, అందులో భాష గడి ఉన్నదో లేదో ముందు తెలుసుకోండి. సమాచార హక్కు చట్టం 6వ సెక్షను ప్రకారం ఆ దరఖాస్తు ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలి. మన విషయంలో అది ఒడియా. విచిత్రమేమంటే ఫిర్యాదుకు ఆ అడ్డు లేదు. 350వ అధికరణం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతి ఇచ్చుకునే హక్కు ఇచ్చింది. కనుక సమాచారం ఒడియాలో అడిగి, వినతి తెలుగులో రాసి కలెక్టరుకు పంపండి. ఒక ప్రతిని 350బి అధికరణం కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ కార్యాలయానికి పంపి, రశీదు భద్రపరచుకోండి.