గోడ చుట్టూ ఐదడుగులు

కాలిఫోర్నియా వచ్చిన మొదటి వారంలోనే మా అమ్మ వాకిలి పక్కన గోడకు ఆనించి తులసి కుండీ పెట్టింది. దాని పక్కన కరివేపాకు, ఆ పైన మల్లెతీగ. మేముండేది కొండవాలు మీది కాలనీ. మే నెల దాటితే వెనక కొండంతా ఎండుగడ్డే. ఇక్కడి ప్రభుత్వం తేవాలని చూస్తున్న 'జోన్ జీరో' నిబంధన ప్రకారం గోడకు ఐదడుగుల లోపు అంటుకునే వస్తువేదీ ఉండకూడదు. సంగతి చెబితే అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. "తులసమ్మని కూడా తీసేయమంటారా నాన్నా?"

దీనికి చట్టం 2020లోనే చేశారు. 2023 జనవరి కల్లా నిబంధనలు రావాల్సింది, రాలేదు. 2025 జనవరిలో లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో పాలిసేడ్స్, ఆల్టడీనా తగలబడి 16 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాక గవర్నర్ న్యూసమ్ తొందరపెట్టారు. ముసాయిదాలు వెలువడ్డాయి, మారాయి, కుండీలకు కొంత వెసులుబాటూ ఇచ్చాయి. అయినా జనం రెండుగా చీలిపోయారు. రెండు వైపులా న్యాయం ఉంది.

నిబంధన కావాలనేవాళ్ల మాట మన పల్లెల్లో పెరిగినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఎండాకాలంలో ఒక పూరిల్లు అంటుకుంటే గాలివాటున ఉన్న ఇళ్ల కప్పుల మీద గడ్డి ముందే లాగేసేవాళ్లు. ఎందుకంటే మంట నడిచి రాదు, రవ్వ ఎగిరి వస్తుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన జాక్ కోహెన్ దశాబ్దాలుగా చెబుతున్నదీ అదే. అడవిలో ఎగసిన మంట కంటే, దానికి ముందే గాలిలో వచ్చిపడే నిప్పురవ్వలే ఎక్కువ ఇళ్లను కాలుస్తాయి. చూరు కాలవలో ఎండాకులు, మొక్కల మొదట్లో పరిచిన చెక్కపొట్టు, గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్టా, వీటిలో ఏది దొరికినా రవ్వకు చాలు. మొన్న నిచ్చెనెక్కి మా అటక గాలికన్నం చూశాను. పాత జాలీ, చిటికెన వేలి కొన దూరేంత కన్నాలు. పావంగుళం రవ్వ హాయిగా లోపలికి పోతుంది. అప్పుడు ఇల్లు బయటినుంచి కాదు, అటకలోంచి అంటుకుంటుంది.

ఇక ఎదుటివాళ్ల మాట. ఆల్టడీనా ఫొటోల్లో బూడిదకుప్పల పక్కన పచ్చటి చెట్లు నిలబడి ఉన్నాయి. 2018 నవంబరులో 85 మందిని బలిగొన్న కార్చిచ్చులో కాలిన ప్యారడైజ్ ఊళ్లోనూ ఇళ్లు పోయిన చోట పైన్ చెట్లు మిగిలాయి. నీళ్లు తాగిన పచ్చి మొక్క అంత తేలిగ్గా అంటుకోదని, నీడనిచ్చే చెట్టును కొట్టేస్తే ఎండకు వీధి మాడిపోతుందని వాళ్లంటున్నారు. ఈ వాదన కొట్టిపారేసేది కాదు. కానీ ఆ పచ్చదనంలోనే పొడిబారిన గుబురు, కింద రాలిన ఆకు ఉంటాయి. కిటికీ కింద పొద అంటుకుంటే వేడికి అద్దం పగులుతుంది. అందుకే ఇందులో నా మొగ్గు నిబంధన వైపే.

నాకు అంతకంటే బరువుగా తోచే అభ్యంతరం వేరే ఉంది. ప్యారడైజ్‌లో తర్వాత జరిగిన ఒక అధ్యయనంలో చూస్తే, 1997కు ముందు కట్టిన ఇళ్లలో నూటికి 12 కూడా మిగల్లేదు. తర్వాత కట్టినవాటిలో 40కి దగ్గరగా మిగిలాయి. అయితే ఏ ఇల్లు నిలిచిందనేది పక్కన కాలిన ఇల్లు ఎంత దూరంలో ఉందన్నదాని మీద కూడా బాగా ఆధారపడింది. అంటే నేను ఎంత శుభ్రం చేసుకున్నా, పదడుగుల అవతల పక్కిల్లు మండితే నా ఐదడుగులు ఏం కాపాడతాయి? ప్యారడైజ్‌లో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్లు. అలాంటివాళ్లను నిచ్చెనెక్కి కాలవలు తుడవమంటామా? జాలీలు, కంచెలు మార్పించడానికి వాళ్ల పింఛను సరిపోతుందా? పోనీ అన్నీ చేశాక బీమా నిలుస్తుందా అంటే, 2022 నాటి రాష్ట్ర బీమా నిబంధన ప్రీమియంలో రాయితీ ఇవ్వమంది గానీ పాలసీ కొనసాగించి తీరాలని కంపెనీలను కట్టడి చేయలేదు.

కాబట్టి నిబంధన రావాలి, దాంతోపాటు డబ్బు రావాలి, మనుషులు రావాలి. లెక్క ఇంటింటికీ కాదు, వీధికి కట్టాలి. ముందు ఎండాకు, జాలీ, గోడను తాకే చెక్క కంచె. బతికున్న మొక్క సంగతి చివర్న చూడొచ్చు.

పోయిన శనివారం మా వీధి చివర ఒంటరిగా ఉండే ఎనభయ్యేళ్ల పెద్దావిడ ఇంటి కాలవలు నలుగురం కలిసి తుడిచాం. మూడు సంచుల పైన్ సూదులు వచ్చాయి. సాయంత్రం అమ్మే నన్ను పిలిచి కుండీ పట్టమంది. "మన ఊళ్లో తులసికోట పెరటి మధ్యలోనే కదరా ఉండేది, గోడకు ఆనిందా ఎప్పుడైనా?" అంది. సిమెంటు గచ్చు నడిమికి జరిపాం. మల్లెతీగను మాత్రం ఇంకా తీయనివ్వలేదు. మా ఇంటికీ పక్కింటికీ మధ్య చెక్క కంచె కూడా రెండు గోడల్నీ తాకుతూ అలాగే ఉంది. చివరి ఐదడుగులు ఇనపది వేయిద్దామంటే, సగం ఖర్చు గురించి ఆలోచించి చెబుతానన్నాడు పక్కింటాయన.