వ్యవధి వేరు, మాఫీ వేరు

గల్ఫ్ సంపాదనను నమ్ముకొని కడప, రాయచోటిలలోనూ, చిన్న వ్యాపారాన్ని నమ్ముకొని కర్నూలులోనూ ఇంటిని తాకట్టుపెట్టి అప్పు తీసుకున్న కుటుంబాలున్నాయి. రాబడి ఆగితే కంతులు నిలిచిపోతాయి. అప్పుడు బ్యాంకువారు గడువు పెంచి కంతు తగ్గిస్తామనవచ్చు. అది ఊరటే గాని మాఫీ కాదని మేము మనవి చేస్తున్నాము.

లెక్క చూడండి. 8 లక్షల బాకీని 9 శాతం వడ్డీతో 10 ఏళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,130 రూపాయలు. గడువును 20 ఏళ్లు చేస్తే కంతు సుమారు 7,200కు దిగుతుంది. కాని మొత్తం మీద 5 లక్షలకు పైగా అధికంగా చెల్లించవలసి వస్తుంది!

అల్ బఖరా సూరా 280వ ఆయతు, ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వమంటుంది. ఆ వ్యవధికి వడ్డీ లేదు. బ్యాంకు ఇచ్చే వ్యవధికి ఉంది. 282వ ఆయతు అప్పు షరతులను వ్రాసుకోమంటుంది. కనుక చెల్లించవలసిన మొత్తమెంత, ఆగిన కంతుల వడ్డీని అసలులో కలుపుతారా అన్నవి వ్రాతపూర్వకంగా తీసుకోండి. ఇంటి ఇల్లాలికి చదివి వినిపించకుండా సంతకం చేయకండి.

ఆలస్యమూ తగదు. కంతు 90 రోజులు దాటి నిలిచిపోతే ఆ ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆపై 2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద 60 రోజుల నోటీసు రావచ్చు. దానికి ముందే బ్యాంకుకు వెళ్ళండి. బంధువులు ఖర్జె హసనా ఇస్తే దానితో అసలు తగ్గించుకోండి.

రుణగ్రస్తులకు అల్లాహ్ సౌలభ్యం కలుగజేయుగాక!