వీకెండ్ వేటకి మా ఊరు అడ్రస్ కాదు

వేరుశనగ చేను చుట్టూ ఆముదం వరసలు వేసిన వీడియో పెట్టిన రోజు రాత్రే నాకో ఫోన్ వచ్చింది. నాతో అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాడు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. "మామా, పందులు అంతలా తిరుగుతున్నాయా మీ దగ్గర? నేను కాంపౌండ్ బౌ కొన్నాను. శని, ఆదివారాలు నలుగురం వస్తాం. రెండు పందులు పడితే నీకూ మేలేగా. కుదిరితే అట్నుంచి నల్లమల వెళ్ళి దుప్పి సంగతి చూద్దాం. మీ ఊళ్ళో ఇవన్నీ తెలిసినవాళ్ళు ఉంటారుగా!"

ఆ చివరి మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. మాది స్టూవర్టుపురం.

ముందు పందుల సంగతి చెప్తాను. నాకు వాటి మీద జాలేమీ లేదు. కిందటి సీజన్లో కాయ గట్టిపడే టైముకి ఒక్క రాత్రిలో అర ఎకరం పోయింది. ఇసుక నేల కదా, ముట్టెతో నాగలి వేసి దున్నినట్టు తిరగేశాయి. దొరువు నీళ్ళతో బిందెలు మోసి పెంచిన పంట. ఘనజీవామృతం వేసిన నేలలో వానపాములు ఎక్కువ, వాటి కోసం కూడా తవ్వుతాయి. అంటే ప్రకృతి సేద్యం బాగా చేసినందుకు నాకు పడిన జరిమానా ఇది. పొద్దున్నే గట్టు మీద నిలబడి చూసినప్పుడు నా చేతిలో బాణం ఉంటే వేసేవాడినేమో, అబద్ధం చెప్పను.

కానీ వాడు చూసిన వీడియోలన్నీ అమెరికావి. టెక్సాస్‌లో చెట్టు మీద స్టాండు కట్టుకుని, ఆకుపచ్చ డ్రస్ వేసుకుని బాణం వేస్తారు. అక్కడి పంది ఆ దేశానిది కాదండి. స్పానిష్ వాళ్ళు 16వ శతాబ్దంలో ఓడల్లో తెచ్చినవి, తర్వాత వేట సరదా కోసం దొరలు తెచ్చి వదిలినవి, కలిసిపోయి పెరిగాయి. అందుకే అక్కడ చట్టం దాన్ని కాపాడదు. మన అడవిపంది ఈ నేలదే. పైగా ఇంకో సంగతి వాడికి తెలియదు. మిస్సోరీ రాష్ట్రంలో 2016లో వన్యప్రాణి శాఖ తన భూముల్లో పందుల వేటని నిషేధించింది. పందుల్ని కాపాడదామని కాదు, తగ్గిద్దామని! వేటగాడు ఒకదాన్ని కొడితే మిగతా గుంపు చెదిరి నాలుగు కొత్త చోట్లకి పోతుంది, బోను పెట్టి గుంపుని గుంపుగా పట్టే పని చెడుతుంది. ఈతకి నాలుగైదు పిల్లలు పెట్టే జంతువుని శని, ఆదివారాల్లో రెండు కొట్టి తగ్గిస్తామా?

బాణం సంగతి కూడా చెప్పాలి. తూటా తగిలినట్టు బాణం తగిలి అక్కడే పడిపోదు. రక్తం కారి చావాలి, ఈలోపు పరిగెడుతుంది. అక్కడైతే గంటలు ఆగి, రక్తపు చుక్కలు పట్టుకుని వెతుకుతారు. ఇక్కడ గాయపడ్డ పంది ఎక్కడికి పోతుంది? సరుగుడు తోటలోకో, పక్కవాళ్ళ చేలోకో. తెల్లారి ఆరింటికి అందులో కలుపు తీయడానికి దిగేది ఆడవాళ్ళు. గాయపడ్డ మగపంది కోరతో తొడ చీలిస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు? అప్పటికి మావాడు కారెక్కి అద్దంకి దాటి ఉంటాడు.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, వల పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా. తుపాకీ కాదు బాణమే కదా అంటే కుదరదు. 2022 సవరణ తర్వాత అడవిపంది, దుప్పి రెండూ రెండో షెడ్యూల్లో ఉన్నాయి. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, వచ్చిన కారు కూడా పోతుంది. కృష్ణజింక అయితే మొదటి షెడ్యూలు, ఇంకా గట్టిది. అడవి బిడ్డలకి హక్కులిచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కుని మాత్రం పేరు పెట్టి మినహాయించింది. నల్లమల చెంచుకే లేని హక్కు వీకెండ్‌కి వచ్చినవాడికి ఎక్కడిది?

ఇప్పుడు అసలు మాట. కేసు పడితే ఎవరి మీద పడుతుంది?

1911 నేరస్థ తెగల చట్టం మా ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే దొంగలంది. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఇక్కడ సెటిల్మెంట్ కట్టారు, హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు పెట్టారు. ఊరు దాటాలంటే పర్మిషన్, హాజరు వేయించుకోవాలి. అదే కాలంలో దొరలు గుర్రాలెక్కి బల్లేలతో అడవిపందుల్ని పొడిచే ఆటకి కప్పులు పెట్టుకున్నారు. మీరట్ దగ్గర కాదిర్ కప్పు అని ఉండేది, స్కౌట్స్ పెట్టిన బేడెన్ పవెల్ 1883లో గెలిచాడు. వాళ్ళు పొడిస్తే ఆట, మావాడు రాత్రిపూట ఇంట్లో లేకపోతే నేరం. 1952లో ఆ చట్టం పోయింది, పేరు పోలేదు. 1991లో ఒక సినిమా, 2023లో ఇంకో సినిమా, రెండూ మా ఊరి పేరు మీదే టిక్కెట్లు అమ్మాయి. ఏకలవ్యుడు మావాడేనని మా పెద్దలు చెప్పుకుంటారు. ఆయనకి పోయింది బొటనవేలు, మాకు పోయింది పరువు. రేపు చేలో బాణం గుచ్చుకున్న పంది కనిపిస్తే, కారు నంబరు ఎవరూ వెతకరు. మా కుర్రాళ్ళని వరసగా నిలబెడతారు.

ఇంకో భయం కూడా ఉంది. పందుల పెంపకం మా వాళ్ళకి తరాల బతుకుదెరువు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై దేశంలోకి వచ్చింది. మనుషులకి రాదు గానీ ఊరపందికీ అడవిపందికీ ఒకటే జబ్బు. దానికి మందు లేదు. వేటాడిన పందిని కాలవ గట్టు మీద కోసి పేగులు పారేస్తే, అది ఎవరి దొడ్లో పందులకి చేరుతుందో చెప్పలేం.

అలాగని రైతు ఏడుస్తూ కూర్చోవాలా? కూర్చోకూడదు. పంట పాడు చేసే పందిని చంపడానికి రాతపూర్వక అనుమతి ఇచ్చే అధికారం 11వ సెక్షన్లో అటవీ అధికారులకి ఉంది. కేరళ 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ ప్రెసిడెంట్ల దాకా దించింది, లైసెన్సు ఉన్నవాళ్ళతో లెక్క ప్రకారం చేయిస్తున్నారు. మనకి కూడా అది ఊరి దగ్గరికి రావాలి, అర్జీ పెట్టిన రైతు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే పంట ఆగదు కదా. ఈ మాట నేను గట్టిగానే అంటాను. అది రాకపోతే రైతు కరెంటు లైనుకి కొక్కెం తగిలించి తీగ లాగుతాడు. దానికి చచ్చేది పంది ఒకటే కాదు, నీళ్ళు కట్టడానికి వెళ్ళిన పక్క రైతు కూడా. సోలార్ ఫెన్సింగ్ వేరు, అందులో ఎనర్జైజర్ నుంచి క్షణంపాటు షాక్ కొట్టి వదులుతుంది.

నేను ఈసారి చేసింది వీడియోలో ఉంది: చేను చుట్టూ నాలుగు వరసల ఆముదం, ఒక వైపు ముళ్ళ కుసుమ, లోపల పాత చీరల కంచె. ఆముదం వాసన దాటి రావడానికి పంది ఇష్టపడదు. నూరు శాతం ఆగలేదు, ఉత్తరం మూల మొక్క పల్చగా మొలిచిన చోట రెండుసార్లు దూరాయి. కాయ పట్టే ఆ నెల మటుకు మంచె మీద మనిషి ఉండాల్సిందే.

మావాడికి ఇదంతా ఫోన్లోనే చెప్పాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే వద్దంటావా?" అన్నాడు. రమ్మన్నాను, బాణం ఇంట్లో పెట్టి టార్చిలైటు, పాత డబ్బా తెచ్చుకోమన్నాను. శనివారం రాత్రి మంచె మీద డ్యూటీ, పదింటి నుంచి తెల్లారేదాకా. చూసుకుని చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు.